విశాఖ కబడ్డీ కోర్టులో మా బాపు గొర్ల పిలుపు

మా చిన్నబాపు కొడుకు మల్లేశ్ పెద్ద జట్టులో మొదటిసారి కబడ్డీ ఆడబోతున్నాడని తెలిసిన రోజే మా విశాఖపట్నం ప్రయాణం ఖాయమైంది. ఈ ఆటలో నిలబడకపోతే మళ్లీ బెంచీయేనని కోచ్ ముందే చెప్పేశాడట. కట్టంగూర్‌లో గొర్లు కాసే మా బాపుకి వాడంటే ప్రాణం. బడి సెలవులన్నీ మంద వెంట తిప్పుతూ పెంచాడు. మందను పక్కింటివాళ్లకు అప్పగించి, గొంగడి భుజానేసుకుని తయారయ్యాడు.

"సముద్రం కాడ గొంగడెందుకు బాపూ?"

"ఆట జూసే కాడ ఏసీల సలి పెడ్తదట బిడ్డా."

నల్గొండలో సాయంత్రం ఏడింటి ప్రాంతంలో రైలెక్కితే తెల్లవారేసరికి విశాఖ. స్లీపర్ టికెట్ నాలుగు వందల లోపే. స్టేషన్ బయట ఇడ్లీ తిని, నూట యాభైకి ఆటో మాట్లాడుకుని బీచ్‌కి వెళ్లాం. దూరంగా ఓడలు రేవులోకి వెళ్లడానికి వరుసలో ఆగి ఉన్నాయి. బాపు చాలాసేపు చూసి నిట్టూర్చాడు.

"గిన్ని నీళ్లున్నయ్, ఒక్క గొర్రెకన్న తాగరావాయె!"

ఆటో అతను పగలబడి నవ్వాడు. "మరేటి చేస్తాం తాతా, మా మంద చేపలే!"

సాయంత్రం ఆటకు రెండు గంటల ముందే స్టేడియం గేటు దగ్గరికి చేరాం. టికెట్ ఐదు వందలు. సంచులు రానివ్వరని ముందే స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టాం కానీ, గొంగడిని మాత్రం విప్పి, దులిపి, వాసన చూసి మరీ వదిలారు. లోపల నిజంగానే వణికించే చలి. సిగ్గు లేకుండా నేనూ గొంగడిలో దూరాను.

మల్లేశ్ మొదటి కూతకు వెళ్లగానే బాపుకి ఒళ్లు తెలియలేదు. లేచి నిలబడి "డుర్ర్‌ర్... హో!" అని కేక పెట్టాడు. అది పొద్దుగూకే వేళ మందను వెనక్కి మళ్లించే పిలుపు. చిన్నప్పటి నుంచి ఆ పిలుపుకే ఇంటిదారి పట్టిన మల్లేశ్, ఎవరినీ తాకకుండానే గిరుక్కున తిరిగి వచ్చేశాడు. స్టేడియం అంతా నవ్వు. కోచ్ తల పట్టుకున్నాడు.

"నా నోరు పడిపోను! పోరన్ని ఆగం జేస్తి గదనే," అని బాపు నోటికి గొంగడి అడ్డం పెట్టుకున్నాడు. నాకూ కోపం వచ్చింది. ఆ తర్వాత ఆయన ఆ గొంగడిని నోటి మీంచి తీయనేలేదు.

చివరి కూతకు ఇరుజట్లూ సమానం, మిగతా కూతగాళ్లంతా అవుట్ కావడంతో కోచ్ మల్లేశ్‌నే పంపాడు. వాడు ఒకరిని తాకాడు, ఇంకొకరి కోసం ఆశపడి లోపలికి పోయాడు. వెనక నుంచి ఇద్దరు చేతులు కలిపి కమ్ముకొస్తున్నారు, వాడు చూడలేదు. నేను బాపు నోటి మీది గొంగడి లాగేశాను.

"పిలువు బాపూ, పిలువు!"

"డుర్ర్‌ర్... హో!"

పిలుపు ఎందుకో అని వాడు ఆగనైనా ఆగలేదు. గిర్రున తిరిగి, వాళ్ల చేతుల కింది నుంచి దూకి గీత మీద వేలు పెట్టాడు. ఒక్క పాయింటుతో గెలిచాం. నేను ఎగిరిన ఎగురుడుకు ముందు వరుసాయన సమోసా కింద పడింది.

ఆట అయ్యాక మల్లేశ్ కంచె దగ్గరికి వచ్చి బాపు చేతులు పట్టుకున్నాడు. "పెద్దబాపూ, మొదాల నిన్ను మస్తు తిట్టుకున్న. ఆఖర్ల నీ పిలుపు కోసమే చెవులు పెట్టిన." బాపు బాహాటంగా ఏడ్చేశాడు.

తిరుగు రైల్లో అదే తలుచుకున్నాను. వేలమంది అరుస్తుంటే వాడి చెవికి ఒక్క గొంతే అందింది. మీరూ మీవాళ్ల ఆట చూడటానికి పోతుంటే నా సలహా ఒక్కటే: వంద ఎక్కువైనా కోర్టు దగ్గరి వరుసలోనే కూర్చోండి, వాళ్లను పెంచినవాళ్లను వెంట తీసుకుపొండి. గొంగడి సంగతి వాళ్లే చూసుకుంటారు.