ఓబక్క ఒలిచిన విత్తనం

వేరుశనగ కాయలు ఒలవడంలో ఓబక్కను మించినవాళ్లు లేరని ఊరంతా ఒప్పుకునేది, ఆమె మొగుడు చచ్చేదాకా. నిడుగల్లు కొండ దగ్గరి ఆ ఊళ్లో వేరుశనగ తప్ప వేరే బతుకు లేదు. వానలకు ముందే విత్తనం సిద్ధం కావాలి. యంత్రంలో వేస్తే పప్పు పగిలి మొలక రాదని రైతులు ఆడవాళ్లను వసారాలో వరసగా కూర్చోబెట్టి చేత్తోనే ఒలిపించేవారు. నొక్కీ నొక్కీ మూడోనాటికి బొటనవేలు గోరు పక్కన చీలేది. గుడ్డపేలిక చుట్టుకుని మళ్లీ ఒలిచేవారు. ఓబక్క ఒలిచిన గింజ మీద ఎర్రపొర కూడా చిట్లేది కాదు. కరువు సంవత్సరాల్లో ఆ నెలన్నర కూలే ఆమెకు మిగతా నెలల తిండి.

మొగుడు బైలప్ప బోరు లారీ మీద పనిచేసేవాడు. ఊరూరా రాళ్లు తొలుస్తూ ఎక్కడెక్కడో తిరిగి, తొంభై ఆరులో ఎముకల గూడై ఇల్లు చేరి, రెండు నెలలకు పోయాడు. బెంగళూరు ఆసుపత్రిలో అది ఎయిడ్స్ అని చెప్పారు. ఓబక్క నెత్తురు కూడా పరీక్ష చేశారు. ఆరు నెలలు ఆగి మళ్లీ చేసి, నీకేమీ లేదు పొమ్మని కాగితం రాసిచ్చారు. ఆ కాగితం ఆమె ఊరంతా చూపించింది. చదువు వచ్చినవాళ్లు చదవలేదు. రానివాళ్లు తిరగేసి మరగేసి చూసి, ముట్టుకున్నందుకు వేళ్లు కడుక్కున్నారు.

అప్పటినుంచి ఊరికి తెలివి పొంగి పొర్లింది. ఆమెను కుట్టిన దోమ తమను కుడితే ఖాయమని ఒకరు, ఆమె తాగిన లోటాలో తాగితే చాలని ఇంకొకరు. తిరునాళ్లకని పోయి రాత్రి ఎక్కడ పడుకున్నదీ ఇంట్లో చెప్పని మగవాళ్లు కూడా ఓబక్క ఎదురైతే దూరం జరిగి నడిచేవారు. అడగాల్సిన చోట అడగరు, భయపడాల్సిన దానికి భయపడరు. ఇలాంటి జనం మధ్య బతకాల్సి వచ్చినందుకే ఓబక్కకు ఒళ్లు మండేది.

మరుసటేడు ఒలుపులకు ఆమె ఎప్పటిలాగే ఆదెప్ప ఇంటికి వెళ్లింది. ఊళ్లో ఎక్కువ చేను అతనిదే. అతని భార్య చిన్నక్క గడపలోనే ఆపేసింది. ఓబక్క వేలు చీలితే నెత్తురు గింజకు అంటుతుందట, ఆ గింజ మొలిచి కాయ కాస్తే తిన్నవాళ్లందరికీ రోగమట. ఏటా ఆ వరసలోని ఆడవాళ్లందరి నెత్తురూ ఆ గింజలకు అంటుతూనే ఉందని చిన్నక్కకు తట్టలేదు.

ఆదెప్పకు మాత్రం ఓబక్క చేతిపని వదులుకోవడం ఇష్టం లేదు. తెగ ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆమె తన గుడిసెలోనే ఒలవాలి. ఆ విత్తనం వేరే గోతంలో పోసి, రోడ్డు పక్క రాళ్లచేనులో విత్తుతారు. అక్కడి కాయలు ఇంటికి రావు, నేరుగా నూనె మిల్లుకు పోతాయి. అంటే రోగం వస్తే నూనె కొన్నవాళ్లకు రావచ్చు, ఆదెప్పకు రాకూడదు. ఇంత గొప్ప బుర్రను ఊరు ఎంతో మెచ్చుకుంది. పొయ్యి వెలగాలి కాబట్టి ఓబక్క నోరు మూసుకుని ఒలిచింది.

విత్తనం వేసే రోజు గోతం మోసుకుని ఆమే చేనికి వెళ్లింది. ఎద్దులను మలుపుతుంటే విత్తే గొర్రుకున్న ఇనుప కర్రు ఆదెప్ప మడమలో దిగింది. పెద్ద గాయమేమీ కాదు, వేలెడు చీలిక. అతను నవ్వి, ఎద్దు అప్పుడే వేసిన పేడ తీసి దట్టంగా మెత్తి, తలగుడ్డ చింపి కట్టుకున్నాడు. అది చూసి ఓబక్క ఊరుకోలేకపోయింది.

"ఆదెప్పన్నా, ఇనుము దిగింది. పేడ పెట్టొద్దప్పా. సబ్బుతో కడిగి నర్సమ్మ దగ్గర సూది ఏపిచ్చుకో."

"సూది ఏపిచ్చుకుని నీ మొగుని దారిన పోవల్లనా?" అన్నాడు ఆదెప్ప.

తొమ్మిదోనాటికి అతని దవడలు బిగుసుకున్నాయి. మెడ వెనక్కి వాలింది. జీపులో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఊరు మాత్రం డాక్టర్ల కోసం ఆగలేదు. ఓబక్క ఒలిచిన గింజలు పడ్డ సాళ్లలో తెగిన కాలితో నడిచాడు కాబట్టి ఆమె రోగమే పట్టుకుందని తేల్చేసింది. ఆదెప్ప తిరిగి వచ్చి కాదంటే సరి, లేకపోతే గుడిసె వదిలి ఊరు దాటాలని పెద్దలు ఆమెకు చెప్పేశారు. పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు, ఆమె పోవడానికి ఇంకో చోటు లేదు. ఎన్నడూ ఏ దేవుడికీ మొక్కని ఓబక్క, ఆదెప్ప దవడ కోసం కొండమీది దేవుడికి కొబ్బరికాయ మొక్కింది. తన బతుకు ఆ మూర్ఖుడి నోట్లో ఇరుక్కున్నందుకు ఆమెకు సిగ్గుగా కూడా ఉండేది.

నెల దాటాక అతను కర్ర పట్టుకుని తిరిగి వచ్చాడు. చూడ్డానికి జనం చేరారు. ఓబక్క వాకిట్లో నిలబడి, డాక్టర్లు ఏం రోగమన్నారో నీ నోటితోనే చెప్పమని అడిగింది. అతనికి తెలుసు. అయితే అది చెప్పాలంటే మడమకు పేడ మెత్తుకున్నది తానేనని, సూది వద్దన్నదీ తానేనని చెప్పాలి. ఆదెప్ప నేల చూశాడు.

"నరాల జబ్బన్నారు. యాడనుంచి తగులుకునిందో ఎవురికి తెలుసు."

పెద్దలు ఆమెకు వారం గడువిచ్చారు.

గడువులోనే గడ్డి కోస్తుంటే కొడవలి తగిలి ఓబక్క చెయ్యి తెగింది. కడుక్కుని పక్క ఊరు నిడుగల్లులో నర్సు భాగీరథమ్మ దగ్గరికి నడిచి వెళ్లింది. సూది వేస్తూ ఆవిడ మెచ్చుకోలుగా చెప్పింది: "మీ ఊరికి ఇప్పుడన్నా బుద్ధి వచ్చింది. మొన్న ఆదెప్ప ఇంటిల్లిపాదినీ జీపులో తెచ్చి ధనుర్వాతం సూదులు ఏపిచ్చినాడు. మట్టీ పేడా పుండులో పడితే వస్తాదని పెండ్లానికి ఆయప్పే చెప్తా ఉండె."

ఓబక్కకు కోపం కన్నా అసహ్యం ఎక్కువైంది. వెళ్లిపోవాల్సింది తను కాదనిపించింది. భాగీరథమ్మకు జరిగింది చెప్పి, మరునాడే ఊరికి పిలుచుకొచ్చింది.

ఆదెప్ప వాకిట్లోనే నర్సు అంతా విప్పి చెప్పింది. దవడలు బిగిసింది ధనుర్వాతంతో అని, అది మనిషి నుంచి మనిషికి అంటదని, ఎయిడ్స్ పక్కన కూర్చుంటేనో, లోటా ముట్టుకుంటేనో, దోమ కుడితేనో రాదని, గింజతో అసలే రాదని. ఇంట్లో అందరికీ సూదులు వేయించింది నిజమా కాదా అని ఆదెప్పనే అడిగింది. అతను తల ఊపాడు. అది చాలు, జనం ప్రాణాలు గుర్తుకొచ్చి చీలిన వేళ్లూ పగిలిన మడమలూ చాపుకుంటూ ముందుకు తోసుకొచ్చారు. ఓబక్కను ఊరు వదలమని మళ్లీ ఎవరూ అనలేదు. తప్పయిందని కూడా ఎవరూ అనలేదు.

భాగీరథమ్మ ఒక్కొక్కరికీ కొత్త సూది ప్యాకెట్టు చింపుతుంటే చిన్నక్క దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది.

"ముందు వీళ్లందరికీ ఏసేయమ్మా. ఓబక్కకు కడాకు ఏద్దువు."

"నాకు నిన్ననే ఏసింది," అంది ఓబక్క.

వరసలో అప్పటికే సూది పడినవాళ్లంతా గబుక్కున తమ చేతులు చూసుకున్నారు.