తూర్పు వైపు వేర్లు

పోయిన వారం కొత్తవలస నుంచి మా అక్క కూతురు ఫోను చేసింది. కొత్తగా కట్టుకున్న ఇంటి ముందు నాలుగు బారల జాగా మిగిలిందట, నీడకు ఏదైనా చెట్టు వేసుకోవాలని ఉందట. "తురాయా, కానుగా మావా? ఏదెయ్యమంటావు?" అని అడిగింది. "మీ నాన్నుండగా నన్నడుగుతావేటే?" అన్నాను నవ్వుతూ. "అడిగినాను మావా. 'సెట్ల సంగతి నాకేటి తెలుస్తాది, మీ మావనడుగు' అన్నాడు," అంది. ఆ మాటతో నా నవ్వు ఆగిపోయింది. రేపు చెబుతానని ఫోను పెట్టేశాను.

చెట్ల సంగతి తెలియదన్న ఆ మనిషి మా బావ, మా అక్క మొగుడు. ఆమదాలవలసకు కూతవేటు దూరంలో ఊరు, కాస్త వరి, కాస్త మెట్ట. ఒకప్పుడు మా చుట్టుపక్కల ఇల్లు కట్టుకున్నవాళ్లు ముందు మేస్త్రిని, ఆ తరువాత మా బావను పిలిచేవారు. ఆయన వచ్చి, పెరట్లో చెప్పులు విప్పి, కాసేపు ఊరికే నిలబడేవాడు. గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుంటున్నాడని నాకు చాలా ఏళ్లకుగాని అర్థం కాలేదు. అంతవరకూ టీ కోసం ఎదురు చూస్తున్నాడనుకునేవాణ్ణి. ఆయనకో అలవాటు ఉండేది. మడిలోంచి మొక్క తీసే ముందు దాని తూర్పు వైపు కొమ్మకు ఎర్ర దారం కట్టేవాడు. కొత్త చోట నాటినప్పుడు ఆ దారం మళ్లీ తూర్పుకే ఉండాలి. "మొక్కకి ఊరు మారినా పొద్దుపొడుపు మారకూడదురా," అనేవాడు.

నేను ఆమదాలవలసలో స్టేషనుకు వెళ్లే దారిలో ఇల్లు కట్టుకున్నప్పుడు నా మనసంతా తురాయి మీద ఉంది. రైలు దిగి వచ్చే జనమంతా ఎర్రగా విరబూసిన చెట్టును చూసి, ఎవరిదీ ఇల్లు అని అడగాలని నా ఆశ. బావ ఆ మాట వినగానే కనిపెట్టేశాడు. "ఒరే, నీడ కావాలా, దారిన పోయేవోళ్లు సూడాలా? అది సెప్పు ముందు," అన్నాడు. నేను గేటు వైపు చూసేసరికి, "సరే, రెండూ ఏద్దాం. ఏది సెట్టో నీకే తెలుస్తాది," అని గేటు పక్కన తురాయి, వంటింటి వెనక తూర్పు వైపున కానుగ నాటాడు. రెండు ఎర్ర దారాలూ తూర్పుకే చూశాయి.

తురాయి నాలుగేళ్లకే గోడ దాటింది. కానుగ మాత్రం మొదటి రెండేళ్లూ అలిగిన పిల్లలా ఉన్నచోటే నిలబడింది. నేను ఎగతాళి చేస్తే బావ, "అది కింద పని సేసుకుంటన్నాది, పైకి తరవాతొస్తాది," అనేవాడు. ఆయన చెప్పినట్టే తరవాత పైకి వచ్చింది. మాఘం దాటేసరికి తురాయి ఆకంతా రాల్చేసి మోడై నిలబడేది. మే నెలలో ఒళ్లంతా పువ్వే, కింద మాత్రం ఎండ ఎండలాగే ఉండేది. వేర్లు పైపైన పాకి గేటు దగ్గరి సిమెంటు గచ్చును పగలగొట్టాయి. కాస్త గాలి వేస్తే కొమ్మ విరిగేది. కానుగ ఉగాదికి ముందు నాలుగు రోజులు ఆకు రాల్చి, మనం గమనించేలోపే లేతాకు తొడిగి, అసలు ఎండలు వచ్చేసరికి ముదురు నీడ పరిచేది. పూత రాలినప్పుడు పెరడంతా పేలాలు చల్లినట్టుండేది. మా అమ్మ తిట్టుకుంటూ ఊడ్చి, ఊడ్చిన చోటే మంచం వేసుకుని పడుకునేది. ఆకుల మీద బొబ్బలు లేస్తే మందు కొట్టాలేమోనని నేను కంగారుపడితే, "ఒగ్గీ, దాని గజ్జి అదే మాన్పుకుంటాది," అన్నాడు బావ. చెట్టును వదిలేయడం తెలిసిన మనిషి ఆయన. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పాడు. తూర్పు వేర్లు ముట్టుకోవద్దన్నాడు. మా వైపు పెద్ద గాలి సముద్రం మీదనుంచే వస్తుంది, ఆ వేర్లే చెట్టును వెనక్కి లాగి పట్టుకుంటాయి.

ఎనిమిదేళ్ల కిందట పెరటి గోడ కట్టించాను. బావ పొలం పనుల్లో ఉండి ఆ నెలంతా రాలేదు. పునాది తవ్వుతుంటే చెయ్యంత లావు వేర్లు మూడు అడ్డొచ్చాయి. మేస్త్రి బుద్ధిమంతుడు. "బాబూ, వేర్ల మీదుగా దిమ్మేసి గోడ దాటించీగలను. రెండు రోజులెక్కువ పడతాది. లేదంటే కొట్టీమంటారా?" అని అడిగాడు. నాకు అప్పుడు ఏం తొందరో ఈనాటికీ గుర్తు రాదు. "కొట్టీ," అన్నాను. సాయంత్రానికి మట్టి కప్పేశారు, మర్నాడు గోడ లేచింది.

నెల తిరక్కుండా తుపాను వచ్చింది. తెల్లవారి చూస్తే తురాయి సగం కొమ్మలు పోగొట్టుకుని కూడా నిలబడే ఉంది. కానుగ వంటింటి పెంకుల మీద పడుకుని ఉంది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. మా అమ్మ ఆవకాయ జాడీలు మాత్రం పోయాయి. లేచిన వేరుమొదలు తూర్పు వైపు గొడ్డలితో నరికిన నరుకు అలాగే ఉంది. మూడు తెల్లటి గుండ్రాలు. చూసినవాడికెవడికైనా తెలిసిపోతుంది. దారులన్నీ చెట్లు పడి మూసుకుపోయి బావ మూడో రోజుకుగాని రాలేకపోయాడు. ఆలోపే నేను చెట్టును కోయించి, మొదలు ఇటుకబట్టీకి పంపేసి, గొయ్యి పూడ్పించాను. బావ ఆ పూడ్చిన మట్టి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. "వేరెలాగున్నాదిరా?" అని అడిగాడు. "పైపైనే ఉన్నాది బావా, లోపలికి దిగలేదు," అన్నాను. కొత్త గోడ కళ్లెదురుగా ఉన్నా ఆయన నా మాటే నమ్మాడు. నేను ఆడిన అబద్ధం ఆ ఒక్క ముక్కే.

మా అమ్మ అల్లుడితో ఎదురుగా మాట్లాడేది కాదు, స్తంభంతో మాట్లాడేది. "అల్లుడేసిన సెట్టు గదా, ఇంటికి కాపలా కాస్తాదనుకున్నాను. దాని మనసంతా ఆవకాయ మీదున్నాది కాబోలు," అని వచ్చినప్పుడల్లా స్తంభానికి చెప్పేది. అందరూ నవ్వేవారు, బావ కూడా నవ్వేవాడు. ఆ మాట ఊళ్లు తిరిగింది. ఇళ్లు కట్టుకునేవాళ్లు ఆయన్ను పిలవడం తగ్గించారు. పిలిచినా ఆయన వెళ్లడం మానేశాడు. అమ్మ పోయింది. ఆమెకూ నేను నిజం చెప్పలేదు.

ఫోను వచ్చిన మర్నాడు పొద్దున్నే బావ ఊరు వెళ్లాను. అరుగు మీద కూర్చుని పలుపు పేనుతున్నాడు. కూర్చోకుండానే చెప్పేశాను. "బావా, కానుగ వేర్లు లోతుకే దిగినాయి. తూర్పు వేర్లు మూడూ నేనే కొట్టించినాను, గోడ కోసం. నీకు అబద్ధం సెప్పినాను." ఆయన చేతులు ఆగలేదు. "ఎంత లావు?" అన్నాడు. "చెయ్యంత." "మొదలుకి ఎంత దూరంలో?" "రెండు మూరలు." అప్పుడు చేతులు ఆగాయి. "అయితే నా సెట్టు బాగానే ఉన్నాదన్నమాట," అన్నాడు మెల్లగా. లోపలినుంచి అక్క వచ్చేసింది. "అమ్మ ఈయన్ని అన్నన్ని మాటలంటంటే పక్కన కూకొని అన్నం తిన్నావు గదరా! ముద్దెలా దిగినాదిరా నీకు?"

బావ ఆమెను చేత్తో ఆపాడు. ఆయన ముఖంలో కోపం అప్పుడు కనిపించింది, అదీ నేననుకున్న చోట కాదు. "మరి మా ఊరి బడి సంగతేట్రా? తుపాను తరవాత హెడ్మాస్టారొచ్చి, కానుగలెయ్యనా అనడిగినాడు. ఒద్దు బాబూ, గాలికి పడిపోతాది, సదువుకునే గుంటల మీద పడితే ఏటి గతి అని నానే ఆపీసినాను. ఈరోజుకీ ఆ గుంటలు రేకుల కిందే అన్నాలు తింటన్నారు. నన్నన్నారు, పడ్డాను. ఆ నీడెవుడిస్తాడ్రా?"

ఆ మాట మీదే ఆయన ఫోను అందుకుని కూతురికి చేశాడు. "అమ్మీ, కానుగెయ్యి. గోడకి ఐదారు మూరలు ఎడముండాల. తూరుపు పక్క వేరు ఎవుడొచ్చినా ముట్టుకోనీకు. మీ మావొచ్చినా సరే." చాలా ఏళ్ల తరువాత ఆయన గొంతులో పాత పెత్తనం విన్నాను.

నిన్న బడి ఆవరణలో మూడు కానుగ మొక్కలు నాటాం. గునపం నా చేతికిచ్చి, దారాలు ఆయన చూసుకున్నాడు. చుట్టూ మూగిన పిల్లల్లో ఒక అమ్మాయి, "తాతా, నీడెప్పుడొస్తాది?" అని అడిగింది. "నువ్వు పెద్ద బడికి పోయేక," అన్నాడు బావ, నా వైపు చూడకుండా. ఈ ఎనిమిదేళ్లలో ఐదో తరగతి దాటి వెళ్లిపోయిన పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారో. వాళ్లు ఆ రేకుల కింద గడిపిన మధ్యాహ్నాల మీద, ఈ మొక్కలు ఎంత ఎదిగినా నీడ పడదు.