చిగూసా ఒక్క నిమిషం

తొకుమాసు చిగూసా చేసే పనేమిటో వాళ్ళ నాన్నకు చివరిదాకా అర్థం కాలేదు. హమమత్సు ఊళ్ళో పియానో ఫ్యాక్టరీలో మీటలు బిగిస్తూ వయసంతా గడిపిన మనిషాయన. కూతురు కచేరీలు చేస్తుందని ఆశపడ్డాడు. పెద్ద పోటీలో ఆమె చేతులు వణికాయి, ఆశ అక్కడితో సరి. ఇప్పుడు టోక్యోలో ఒక వీడియో గేమ్ కంపెనీలో, తెరమీది బొమ్మ పియానో వాయిస్తుంటే దాని వేళ్ళు సరైన మీటలమీద పడేట్టు చూడటం ఆమె ఉద్యోగం.

ఆ గేమ్‌లో కథానాయకుడు పరాయి దేశంలో క్షయతో మంచం పట్టిన పూర్వకాలపు సంగీతకారుడు. జ్వరంలో అతను కనే కలలోనే ఆడేవాళ్ళు ఊళ్ళు తిరగాలి, భూతాలతో పోరాడాలి. గెలిస్తే, అతని అక్క దూరదేశం నుంచి ప్రాణం పోకముందే వచ్చి చేరుతుంది.

"మీ జబ్బు మనిషి ఇంకా పోలేదటే?" అని నాన్న ఫోన్లో ఎగతాళి చేసేవాడు. "వాడికంటే ముందు నేనే పోయేట్టున్నాను."

"ఊరుకో నాన్నా, అవేం మాటలు! పని అయిపోగానే వస్తా."

గేమ్ అప్పగించాల్సిన రోజు పొద్దున్నే తమ్ముడు షుంపేయ్ ఫోన్ చేశాడు.

"అక్కా, నాన్నకి ఊపిరందట్లేదు. ఈరోజు గడవడం కష్టమంటున్నారు. నీకోసం గుమ్మంవైపే చూస్తున్నాడు, బయల్దేరు."

బయల్దేరాలి కదా! కానీ అప్పుడే చివరి ఘట్టంలో తప్పు బయటపడింది. అక్క రాగానే సంగీతకారుడు లేచి చివరిసారి వాయిస్తాడు. అక్కడ అతని ఎడమచేతి వేళ్ళు మీటల్లోంచి కిందికి దూరిపోతున్నాయి. గదినిండా రోజుల తరబడి ఇంటి మొహం చూడనివాళ్ళు. వాళ్ళ మధ్య లేచి, మా నాన్న పోతున్నాడు, నేను వెళ్తానని చెప్పడమా! పదిమందికంటే ముందు ఇంటికి వెళ్ళాలన్నా తలవంచి క్షమించమని అడిగే జపాన్‌వాళ్ళం మేము. మన కష్టం పక్కవాళ్ళ నెత్తిన పెట్టడానికి నోరు పెగలదు. మండిపోనూ ఈ మొహమాటం!

కాసేపట్లో అయిపోతుందిలే అనుకుంది. వేళ్ళు సర్దింది. సర్దిన ప్రతిసారీ చివరి పోరాటాన్ని మొదటినుంచీ ఆడి చూడాలి. ఎడమచెయ్యి కుదిరితే కుడిచెయ్యి చెడింది. మళ్ళీ సర్దింది. మధ్యాహ్నమైపోయింది. తెరమీద అక్క గదిలోకి వస్తూనే ఉంది, వస్తూనే ఉంది.

"ఏంటమ్మా తొకుమాసూ, నీ గేమ్ చూసి నువ్వే ఏడుస్తున్నావా?" అని నవ్వాడు వాళ్ళ టీమ్ పెద్ద, ఒనోదెరా.

"మా నాన్న... ఈరోజే పోయేట్టున్నారండీ. క్షమించండి."

ఆయన నవ్వు ఆగిపోయింది. "పొద్దున్నే తెలుసా? ఓసి పిచ్చిదానా, నోట్లో నాలుక లేదూ? బొమ్మ వేళ్ళు ఎటు పోతే మనకేం! లే, పరుగెత్తు!"

సంచి తెచ్చి ఆయనే చేతిలో కుక్కాడు. అక్కడ ఒక్కరూ విసుక్కోలేదు. పొద్దున్న చెప్పి ఉంటే పొద్దున్నే పంపేవాళ్ళు.

బుల్లెట్ రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. దారిలో అటామీ స్టేషన్ ఇంకా రాలేదు, చేతిలో మడత ఫోన్ అదిరింది.

"అక్కా, ఫోన్ నాన్న చెవి దగ్గర పెట్టా. వింటున్నాడు. మాట్లాడు, తొందరగా."

మా రైళ్ళలో సీట్లో కూర్చుని ఫోన్లో మాట్లాడటం మర్యాద కాదు. తలుపుల దగ్గరికి వెళ్ళాలి. పక్కన ఒక ముసలాయన ముందున్న బల్లమీద భోజనం పెట్టె పరుచుకుని కునుకు తీస్తున్నాడు.

"ఒక్క నిమిషం," అని ఫోన్లో గుసగుసలాడి, "ఏమండీ, క్షమించండి," అని ఆయన్ని మెల్లిగా లేపింది.

"అయ్యో, నన్నే క్షమించాలమ్మా," అంటూ ఆయన టీ సీసాకు మూత పెట్టాడు, పెట్టె మూశాడు, బల్ల మడిచాడు, లేచి దారిచ్చాడు. ఆమె తలవంచింది. ఆయనా వంచాడు. తలుపు చేరేసరికి సొరంగం వచ్చింది, ఫోన్ తెగిపోయింది.

అక్కడే, ఆ సీట్లోనే అరవాల్సింది తల్లీ! రైలంతా తిరిగి చూస్తే ఏం పోయేది?

రైలు వెలుగులోకి రాగానే తనే ఫోన్ చేసింది. షుంపేయ్ ఏడుస్తున్నాడు.

"ఇప్పుడేనక్కా. ఒక్క నిమిషం అన్నావు కదా, అది విన్నాడు. సరేనన్నట్టు తలూపాడు. ఆగడానికి చాలా చూశాడక్కా."

చిగూసా తలుపు దగ్గర్నుంచి తిరిగి రైలు పెట్టెలోకి వచ్చింది.

"ఫోన్ చెవి దగ్గరే ఉంచు," అంది.

పెట్టెలోవాళ్ళంతా తలలు తిప్పి చూస్తుండగా గొంతు చించుకుని అరిచింది.

"నాన్నా, పని అయిపోయింది! వస్తున్నా!"