గుమ్మటం కింద గుసగుస

నా నోటి దూల వల్ల నౌకరి ఊడే కాడికి వచ్చిన ముచ్చట చెప్త, వినుండ్రి.

డెబ్బైల మొదట్ల. సంగారెడ్డి కిరాణ దుకాణం ఇడిసి, పటాన్‌చెరు దిక్కు ఒక ఫ్యాక్టరీల ట్రైనీగ చేరిన. అక్కడ తయారైన మిషన్లు జనానికి చూపెట్టనీకి ఒక ప్రదర్శనశాల కట్టిండ్రు. ఏం హాలు అది! కోడిగుడ్డును సగానికి కోసి బోర్లించినట్టుండె. లోపల ఒక్క స్తంభం లేదు. కప్పుకు కాంక్రీటు పోసిన దినం, ఆపితే అతుకుకాడ పగులుతదని, పక్క ఊర్లు ఇంద్రేశం, కర్దనూరు కూలోళ్లు పొద్దుందాక తట్టలు చేతులు మార్చుకుంటనే ఉన్నరట. కింద ఆనిచ్చిన సెంట్రింగు చెక్కలు ఇప్పిననాడు, కూలుతదేమోనని అందరు బయటికి ఉరికితే, నక్ష గీసిన గుంటూరు ఇంజనీరు శేషగిరిరావు సారు మాత్రం ఆ కప్పు కిందనే కుర్చీ ఏసుకొని కూసున్నడట!

గంతటి మనిషిని నేనేమన్ననో సూడుండ్రి.

రేపు ప్రారంభమనంగ, సారు హాలు అటు కొసకు గోడ తడుముతున్నడు. ఇటు కొసకు నేను, నా దోస్తు యాదగిరి.

"సారు ఇంటికి పోడేందిరా?" అన్నడు యాదగిరి.

నేను గోడ దిక్కు తిరిగి గుసగుసగ అన్న: "ఆయన తలకాయ సూడు. ఈ కప్పుకు నమూనా అదే. ఒక్క ఎంటిక లేదు, ఒక్క స్తంభం లేదు!"

"కొలతలు కూడా అవేనయ్యా," అన్నది గోడ.

గోడలకు చెవులుంటయంటరు. మా గోడకు నోరు గూడ ఉండె! అటు సూస్తే సారు గోడకు మూతి ఆనిచ్చి ఉన్నడు. యాదగిరి ఎప్పుడో మాయం. నేను ఉరికి పోయి చేతులు జోడించిన.

"తప్పయింది సారూ! ఇంకా పర్మినెంటు గాలే..."

"ఉండవయ్యా! గుసగుస ఈ వంపు వెంట ఇవతలికి చేరుతుందా లేదా అని పొద్దుట్నుంచీ చూస్తున్నా. మాట్లాడమంటే అందరూ అరుస్తారు. నీది ఒక్క అక్షరం పోలేదు! రేపు అక్కడే నిలబడి అతిథిగారికి 'స్వాగతం' అను. అంతే, ఇంకో మాట వద్దు."

తెల్లారి గోడలకెళ్లి నా 'స్వాగతం' ఇని అతిథి మురిసిండు. ఇగ సారు నడుమ నిలబడి హాలు కట్టిన తీరు చెప్తున్నడు. జనం ఊపిరి బిగవట్టి వింటున్నరు. నేను గోడకు చెవి పెట్టిన. అవతలి కొసకాడ ముఖ్య అతిథి తన గుమాస్తతోని గుసగుసలాడుతున్నడు: "కట్టడం అద్భుతం గాని, భోజనాలెప్పుడోయ్?"

పెద్దమనిషి అడిగినంక చెప్పకుంటే మర్యాద గాదు గద! గొంతెత్తి అరిచిన:

"ఇంకో గంట పడ్తది సారూ! మీ ఆకలి ఈడిదాక ఇనొస్తుంది!"

హాలంత గొల్లున నవ్వింది. అతిథి మొఖం ఎర్రగయింది. సారు ఉపన్యాసం ఆడికే ఆపి, "పదండి, వడ్డిస్తున్నారు," అన్నడు.

ఆ దినమే విస్తరాకు ముందట ఒట్టేసుకున్న: ఇగ బతికినన్ని దినాలు గుమ్మటం కింద నోరు తెరువ. సాడీలైనా, మర్యాదలైనా, చదును కప్పు కిందనే!