కారం చేతుల్లో చిట్టెలుక

మాది గిర్నీ ఇల్లు. ఖిలా వరంగల్‌లో మట్టికోట కట్టకు దగ్గరగా ఉంటుంది. ముందు గదిలో పిండిమర, వెనక రెండు గదుల్లో మేము. గోధుమలు, జొన్నలు కూడా పడతాను గానీ మా గిర్నీకి పేరొచ్చింది కారం వల్లే. చలి తగ్గి కొత్త మిర్చి ఇళ్లకు చేరే రోజుల్లో వాకిట్లో డబ్బాలు వరుస కడతాయి. మా ఆయన బస్సు డ్రైవరు, ఆయన డ్యూటీలు ఆయనవి. మర మాత్రం పద్నాలుగేళ్లుగా నాది. దాని చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ నా గొంతు పెద్దదైపోయింది. కోపం మాత్రం మర వల్ల రాలేదు, పుట్టుకతోనే ఉంది.

కారం పట్టే చేతులు ఎంత కడిగినా కారం చేతులే. గోళ్ల సందుల్లో, గీతల్లో అది కాపురం పెడుతుంది. మా అమ్మాయికి మూడేళ్లప్పుడు కంట్లో నలక పడిందని ఏడుస్తుంటే ఆత్రంలో వేలితో తీయబోయాను. ఆ ఏడుపు నేను చచ్చేదాకా మర్చిపోను. ఎత్తుకుని దవాఖానకు ఉరికాను. రెండు రోజులు కళ్లు వాచి ఉన్నాయి. ఆ తర్వాత నేను చెయ్యి చాచినప్పుడల్లా పిల్ల మొహం పక్కకు తిప్పేది. "అమ్మ చెయ్యి మంట" అనేది. స్నానం, నూనె, జడలు, అన్నం కలిపి పెట్టడం అన్నీ మా అత్తమ్మ చేతుల్లోకి పోయాయి. పిల్ల మంచికే కదా అని నేనూ ఊరుకున్నాను. ఊరుకుని ఏడేళ్లయింది.

పదేళ్లు నిండగానే పిల్ల హామ్‌స్టర్, అదే పెంచుకునే చిట్టెలుక, కావాలని పోరు పెట్టింది. నాలుగు నెలలు విని విని హన్మకొండలో చేపలూ పక్షులూ అమ్మే దుకాణానికి తీసుకెళ్లాను. గోధుమరంగు ముద్ద, నల్లపూసల్లాంటి కళ్లు, తోక ఉందా లేదా అన్నట్టు. పంజరంతో సహా ఇంటికి తెచ్చాం. అత్తమ్మ తొంగి చూసి నెత్తి కొట్టుకుంది.

"గిర్నీల ఉన్న ఎలుకలు సాలలేదా? పైసలు పెట్టి ఇంకోటి కొనుక్కొచ్చిన్రు!"

ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. జీవితమంతా ఎలుకల్ని తరమడమే పనిగా బతికిన ఇల్లు మాది. వాటి కోసం బోన్లు పెట్టిన చేత్తోనే ఇప్పుడు దీనికి నీళ్ల సీసా కట్టాను.

దుకాణపాయన ముందే చెప్పాడు. "పిల్లది, ఇంక బెదురు పోలే. జర ఓపిక పట్టున్రి. నెల రోజుల్ల అలవాటు కాకుంటె వాపస్ తేన్రి, తీసుకుంట." కానీ పిల్లలకు ఓపిక ఎక్కడిది? ఆ సాయంత్రమే మా అమ్మాయి పంజరం మూత తీసి పైనుంచి చెయ్యి పెట్టి గబుక్కున పట్టుకోబోయింది. అది వేలు కొరికింది. సూది మొనంత రక్తం, ఊరంత ఏడుపు. ఆ రోజు నుంచి పంజరం ముందు కూర్చుని చూడడమే తప్ప పిల్ల చెయ్యి లోపల పెట్టలేదు. దానికి ఏదో ముద్దుపేరు పెట్టింది గానీ, కొరికిన తర్వాత ఆ పేరుతో పిలవడం కూడా మానేసింది.

అదే వారంలో వర్ధన్నపేటలో ఉండే మా ఆడబిడ్డ కాలు విరిగిందని కబురొచ్చింది. అత్తమ్మ సంచి సర్దుకుని వెళ్లింది, రెండు నెలల దాకా రానంది. మర్నాడు పొద్దున పిల్ల అద్దం ముందు నిలబడి తన జడలు తనే వేసుకోవడం చూశాను. పాపిట పాములా వంకర తిరిగింది. ఒక జడ చెవి పైన, ఇంకోటి చెవి కింద. నేను గుమ్మంలోనే ఉన్నాను. రమ్మని ఆమె అనలేదు, వేస్తానని నేను అనలేదు. అంటే వద్దంటుందేమోనని భయం. మిర్చి బస్తా ఒంటిచేత్తో జరిపేదాన్ని, జడ వేస్తానని అడగడానికి భయపడ్డాను.

"అమ్మా, దాన్ని వాపస్ ఇచ్చేద్దమా?" అంది పిల్ల ఆ సాయంత్రం. "నాకు భయమైతాంది."

"తెచ్చినోళ్లం మనమే, సాకేది మనమే. నేను జూస్కుంట పో" అన్నాను. ఈ గుప్పెడు ప్రాణి కూడా నా చేతికి రాకపోతే నా చేతులు మరకే గానీ మనుషులకు పనికిరావని ఒప్పుకోవలసిందే. దుకాణపాయన ఇచ్చిన నెలలో వారం అప్పటికే అయిపోయింది.

నాకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాను, అంటే దబాయింపు. మర ఆపి, చేతులు నీళ్లతో కడుక్కుని, గింజలు పట్టుకుని పంజరంలో చెయ్యి పెడితే అది మూలకు పోయి వెల్లకిలా పడి కిచకిచమని అరిచేది. తుమ్మేది. ముందుకాళ్లతో మూతి రుద్దుకునేది. "తిండి పెట్టేది నేను, నన్ను జూస్తెనే ఉరుకుతవా? ఏం పొగరే నీకు!" అని కోప్పడేదాన్ని. నా గొంతుకు అది ఇంకా ముడుచుకుపోయేది.

ఆ ఆదివారం గల్లీ పిల్లలంతా దాన్ని చూడడానికి వచ్చారు. "ఎంత ముద్దుగున్నదో, ఎట్ల తింటాందో సూడున్రే" అని ఒకటే సందడి. మర్నాటికి అది తిండి ముట్టలేదు, రంపపు పొట్టులో దూరి కదల్లేదు. మా ఇంట్లో పసిపిల్ల పాలు తాగకపోయినా, కొత్త బండి మొరాయించినా ఒకటే వైద్యం. దిష్టి తగిలిందనుకున్నాను. గుప్పిట్లో ఉప్పు, ఏడు ఎండుమిరపకాయలు తీసుకుని పంజరం చుట్టూ మూడుసార్లు తిప్పి, వెనక వాకిట్లో నీళ్లు కాగే పొయ్యిలో వేశాను. ఘాటు రాకపోతే దిష్టి గట్టిదని అర్థం. కానీ అవి నేను స్వయంగా ఏరిన కొత్త మిర్చి. ఘాటు రాకుండా ఎలా ఉంటుంది? గాలి ఇంటివైపు తిరిగింది. పొగంతా వెనక గదిలోకి, పంజరం మీదికి పోయింది.

నాకే ఊపిరాడలేదు. దగ్గుతూ లోపలికి వెళ్లేసరికి పిల్ల పంజరాన్ని రెండు చేతులతో ఎత్తుకుని వీధిలోకి ఉరుకుతోంది. నేనూ వెంట ఉరికాను. కోట కట్ట మీద గడ్డిలో పంజరం పెట్టి కూర్చుంది. లోపల అది కళ్లు మూసుకుని, డొక్కలు ఎగరేస్తూ పడి ఉంది. పిల్ల కళ్లలో నీళ్లు, పొగవో ఏడుపువో తెలియలేదు. నా వైపు చూడకుండానే అంది.

"దానికి గూడ నీ చెయ్యి మంటనే అమ్మా."

ఆ 'గూడ' అన్న మాట నన్ను కోసేసింది. పొద్దు గుంకేదాకా ముగ్గురం ఆ కట్ట మీదే కూర్చున్నాం. చాలాసేపటికి అది కళ్లు తెరిచింది. మూతి తుడుచుకుంది. నీళ్ల సీసా దగ్గరికి పాకి రెండు గుక్కలు తాగింది. అప్పుడు ఏడ్చాను నేను. చెంగుతో కళ్లు తుడుచుకున్నాను, చేత్తో తుడుచుకునే రాత నాకు లేదు కదా.

"తప్పు నాదే బిడ్డా" అన్నాను. "ఎట్ల జేయాలెనో నువ్వే జెప్పు. వింట."

పిల్ల నమ్మనట్టు చూసింది. నేను విన్న సందర్భాలు ఆమెకు పెద్దగా గుర్తున్నట్టు లేదు. తర్వాత ఫోనులో వీడియోలు పెట్టి చూపించింది. అందరూ మొదట చెప్పేది ఒకటే, చేతికి ఏ వాసనా ఉండకూడదు. ముక్కుతోనే అది మనిషిని గుర్తుపడుతుందట. నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ అది నాకు భయపడింది సరే, నా చేతికి అంతకన్నా ఎక్కువ భయపడింది.

మర్నాడు బజారుకు పోయి, కారం పట్టేటప్పుడు తొడుక్కోవడానికి రబ్బరు గ్లౌజులు కొన్నాను. ఫోనులో ఈ సంగతి చెబితే అత్తమ్మ పగలబడి నవ్వింది. "పిల్ల కోసం తొడగని గ్లౌజులు ఎలుక కోసం తొడిగినవా?" ఆమె హాస్యానికే అంది. నేను మాత్రం ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ గ్లౌజులు చూస్తూ కూర్చున్నాను. నిజమే కదా, ఏడేళ్ల కింద ఈ పని నాకెందుకు తోచలేదు?

సాయంత్రం మర ఆపగానే చేతులకు నూనె రాసి, శనగపిండితో నలిచి, పుల్లమజ్జిగలో ముంచి, ఉత్త నీళ్లతో కడిగేదాన్ని. గోళ్లు మొదలంటా కత్తిరించాను. అయినా ఒక చిక్కు మిగిలింది. పద్నాలుగేళ్లుగా కారంలో బతికిన ముక్కు నాది, నా చేతికి వాసన ఉందో పోయిందో నాకు తెలియదు. ఇంకొకరి ముక్కు కావాలి. పిల్లను పిలిచాను. మొదటి రోజు రెండడుగుల దూరంలో నిలబడి మెడ మాత్రం చాచి వాసన చూసింది.

"ఇంక ఉన్నది. మల్ల కడుగు."

మళ్లీ కడిగాను. మూడుసార్లు కడిగించింది. అత్తమ్మ కూడా నాతో అంత పని చేయించలేదు.

తర్వాత పంజరం ముందు కూర్చోవడం. ఏమీ చేయకుండా, అరచెయ్యి వెల్లకిలా పెట్టి, పొద్దుతిరుగుడు గింజ మధ్యలో పెట్టుకుని కూర్చోవాలి. నాకు ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు. కాలు తిమ్మిరెక్కేది, ముక్కు దురద పెట్టేది, పాలు పొంగుతున్నాయేమో అనిపించేది. గొంతు తగ్గించి ఏదో ఒకటి మాట్లాడమంది పిల్ల. ఏం మాట్లాడాలో తెలియక ఎవరి కారం ఎన్ని కిలోలో, ఎవరు ముతకగా పట్టమన్నారో దానికి చెప్పేదాన్ని. పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది.

మూడు రోజులు అది రంపపు పొట్టులోంచి మూతి మాత్రమే చూపించింది. నాలుగో రోజు వచ్చి గింజ లాక్కుని పారిపోయింది. ఆరో రోజు అక్కడే నిలబడి బుగ్గలో దాచుకుంది, ఇంకోటి ఉందా అని వేలు చివర వాసన చూసింది. వారం దాటాక ఒక సాయంత్రం ముందుకాళ్లు రెండూ నా వేలి మీద పెట్టింది. ఆ మర్నాడు నాలుగు కాళ్లూ. గోళ్లు చల్లగా, పొట్ట వెచ్చగా ఉంది. దాని గుండె నా అరచేతిలో టకటక కొట్టుకుంటోంది. నాది కూడా అంతే. ఎక్కీ ఎక్కగానే నా చేతిలో ఉచ్చ పోసింది. మామూలుగా అయితే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేదాన్ని. "పర్వాలేదులే తల్లీ" అన్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానమొచ్చింది.

ఇంతలో పిల్ల దగ్గరికి జరిగింది. వాసన చూసేటప్పుడు రెండడుగుల దూరం అడుగైంది, అడుగు జానెడైంది. ఒక రోజు నా మణికట్టు పట్టుకుని చెయ్యి తన ముక్కుకు ఆనించుకుంది. ఎందుకు వణుకుతున్నావని అడిగింది. చలి అన్నాను. మార్చిలో వరంగల్‌లో చలి! ఒంటిపూట బడులు కూడా మొదలయ్యాయి అప్పటికి.

"నేను గూడ పట్టుకుంట అమ్మా. కొరుకుతదా?"

"పైనుంచి పోకు. గద్ద పైనుంచే వస్తది, అందుకే దానికి భయం. కింద నుంచి పెట్టు."

ఆమె చెయ్యి భయంతో గాల్లోనే ఆగిపోయింది. నా ఎడమ చెయ్యి పంజరం ముందు నేల మీద పరిచాను. కాసేపు చూసి, దాని మీద తన చెయ్యి పెట్టింది. మూడేళ్ల వయసు తర్వాత నా అరచేతిలో నా బిడ్డ చెయ్యి పడడం అదే మొదటిసారి. ఎంత పెద్దదైందో! దాన్ని ఎక్కించుకున్న నా కుడిచెయ్యి పక్కనే పెట్టాను. అది నా చేతిలోంచి మూతి చాచి, ఆగి, వాసన చూసి, నెమ్మదిగా పిల్ల చేతిలోకి నడిచింది. అక్కడే కూర్చుని మొహం కడుక్కోవడం మొదలుపెట్టింది. పిల్ల అరవలేదు. "అమ్మా, అమ్మా, అమ్మా" అని గుసగుసగా అంటూనే ఉంది. చాలా రోజుల తర్వాత దాన్ని దాని పేరుతో పిలిచింది.

దుకాణపాయన ఇచ్చిన నెల గడువు ఎప్పుడు దాటిందో ఇద్దరం చూసుకోలేదు.

పిల్ల దాన్ని పట్టుకున్న మర్నాడు పొద్దున గిర్నీ ఇంకా తెరవలేదు. తాళం చెవి చేతిలో ఉంది, వాకిట్లో అప్పటికే ఇద్దరు డబ్బాలతో నిలబడ్డారు. పిల్ల స్కూలు డ్రెస్‌లో వచ్చింది. చేతిలో దువ్వెన, నూనె సీసా, రెండు రిబ్బన్లు.

"అమ్మా, జడలెయ్యవా?"

తాళం చెవి కింద పెట్టి పీట వాల్చుకుని కూర్చున్నాను. అలవాటు కొద్దీ అరచెయ్యి చాచి ఆమె ముక్కు ముందు పెట్టాను. రాత్రి బాగానే కడిగాను గానీ నిన్నంతా కారమే పట్టాను, గ్లౌజు ఒకటి వేలి దగ్గర చిరిగింది కూడా. ఆ సంగతి చెప్పబోయాను.

పిల్ల వాసన చూడలేదు. నా చెయ్యి పక్కకు నెట్టి, దువ్వెన అందులో పెట్టి, వీపు నా వైపు తిప్పి నా మోకాళ్ల మధ్య కూర్చుంది.

"జల్ది వెయ్యి, బడికి టైమైతాంది."

రెండు జడలు వేశాను. ఒకటి లావుగా, ఒకటి సన్నగా వచ్చాయి. వాకిట్లోంచి "గిర్నీ తెరుస్తలేవా అక్కా?" అని ఎవరో కేకేశారు. ఆగమన్నాను, రిబ్బను ఇంకా కట్టలేదు.