‘ఇంట్ల చెప్పకు’ అన్నందుకు

1983లో హనుమకొండలోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను పీఈటీని, అంటే పిల్లలతో డ్రిల్లు చేయించి ఆటలు నేర్పే మాస్టారుని. ఉద్యోగంలో చేరి అప్పటికి ఐదేళ్లు. సాయంత్రం బడి విడిచాక అదే గ్రౌండులో మూడేళ్లుగా ఒక ఫుట్‌బాల్ క్లబ్బు నడుపుతున్నాను. క్లబ్బు అని నేననుకోవడమే గాని దానికి బోర్డు లేదు, గది లేదు, గోల్ పోస్టులకు వల కూడా లేదు. రెండు బంతులు, ఒక విజిలు, పద్నాలుగు మంది పిల్లలు, అంతే. నేల గులకరాళ్ల మొరం. కింద పడ్డవాడు మోకాలి చర్మం కొంత అక్కడే వదిలి లేవాలి.

ఆ ఏడు ఎక్కడ చూసినా క్రికెట్టే. కబడ్డీ మాకు ఎలాగూ ఉండేది. ఫుట్‌బాల్ మాటెత్తితే మాత్రం “గదేం ఆట సారూ, ఇంతమంది ఒక్క బంతి ఎంట ఉరుకుడు” అని నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఒక్క కప్పు తెచ్చి హెడ్‌మాస్టర్ బల్ల మీద పెడితే తల్లిదండ్రులే పిల్లల్ని చెయ్యి పట్టుకొని తెచ్చి అప్పజెప్తారని నా నమ్మకం. ఎలాగైనా తెచ్చి తీరాలని పంతం పట్టాను.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో పిల్లల తల్లిదండ్రులంటే నాకు పడేది కాదు. పరీక్షలొస్తే పిల్లవాణ్ణి మాన్పించేవాళ్లు, పత్తి ఏరే రోజులొస్తే మాన్పించేవాళ్లు, పిల్లవాడు రెండుసార్లు తుమ్మినా మాన్పించేవాళ్లు. అందుకని నేనో నియమం పెట్టాను. గ్రౌండు సంగతి గ్రౌండులోనే ఉండాలి. దెబ్బ తగిలితే నాకు చెప్పాలి, ఇంట్లో చెప్పకూడదు. నాకు ఆట నేర్పిన మాస్టారు కూడా మాకు అలాగే చెప్పాడు కాబట్టి అందులో తప్పేమైనా ఉందని నాకు తోచనే లేదు.

మా గోల్‌కీపర్ సదానందం తొమ్మిదో తరగతి. ములుగు రోడ్డు మీద ఉన్న ఊరి నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేవాడు. వాళ్ల నాయిన మల్లయ్య కూరగాయలు పండించి మార్కెట్‌కు తెచ్చేవాడు. పిల్లవాడికి మాట తక్కువ, చేతులు పెద్దవి, భయం బొత్తిగా లేదు. గోల్‌కీపర్‌కు ముందు నేర్పాల్సింది డైవ్. బంతి పోయే పక్కకు దూకి పడడం అన్నమాట. పడేటప్పుడు భుజం, ఆ తర్వాత నడుము నేలకు తగలాలి. అరచెయ్యి ఆనించి పడితే మనిషి బరువంతా మణికట్టు మీద పడుతుంది. మెత్తటి గడ్డి మీద నెలల తరబడి నేర్పాల్సిన విద్య అది. నేను మొరం మీద మూడు వారాల్లో నేర్పాను.

జిల్లా బాలుర టోర్నమెంటు ఆదివారం. బుధవారం సాయంత్రం ప్రాక్టీసులో సదానందం కుడి అరచెయ్యి ఆనించి పడ్డాడు. లేచి, చెయ్యి పొట్టకు అదుముకొని నిలబడ్డాడు. వేళ్లు ముడవమంటే ముడిచాడు. బెణికిందంతే అనుకున్నాను. కాదు, అలా అనుకోవడం నాకు కావాలి. సున్నం, పసుపు కలిపి పట్టు వేసి, భుజం మీద చెయ్యేసి చెప్పాను.

“ఇంట్ల చెప్పకు బిడ్డా. చెప్తే మీ నాయిన మాన్పిస్తడు. ఆదివారం మ్యాచ్ అయినంక నేనే వచ్చి చెప్త.”

“సరే సార్” అన్నాడు.

గురు, శుక్రవారాలు వాణ్ణి గట్టు మీద కూర్చోబెట్టాను. శనివారం పొద్దున వాడు రాలేదు. బడి గేటు దగ్గర మల్లయ్య నిలబడి ఉన్నాడు. అరుస్తాడనుకున్నాను. రుమాలు తీసి చేతిలో పట్టుకొని చిన్న గొంతుతో మొదలుపెట్టాడు.

“సారూ, మా పోరడు మూడు దినాల సంది మాతోని కూసోని తింటలేడు. అడిగితే ఆకలైతలేదంటాండు. నిన్న వాళ్లమ్మ ఇంటెనుకకు పోయి సూస్తే, గోడ దిక్కు మల్లి ఎడమ చేత్తోని బుక్కలు పెట్టుకుంటాండు.”

మా దగ్గర ఎడమ చేత్తో అన్నం తింటే తల్లి ఊరుకోదు. కుడి చెయ్యి ఆడకపోవడం బయటపడుతుందని ఆ పిల్లవాడు మూడు రోజులు తల్లిదండ్రుల పక్కన కంచం ముందు కూర్చోలేదు. రాత్రికి రాత్రే పెద్ద దవాఖానకు తీసుకుపోతే ఎక్స్‌రే తీసి, మణికట్టులో ఎముక పగిలిందని పిండికట్టు వేశారట.

“ఆటలన్నంక తాకుతయి మల్లన్నా, రేపు మ్యాచ్ ఉండె, అందుకని…” అన్నాను.

“జర ఆగుండ్రి సారూ. చెయ్యి ఇరిగిందని రాలే నేను. ఎద్దు తన్నినా ఇరుగుతది. ఏమైందిరా అంటే మా పోరడు నా మొకం సూసుకుంట అబద్ధమాడిండు. ఎన్నడు ఆడలే. ఎవలు నేర్పిన్రురా అంటే, సారే చెప్పద్దన్నడు అన్నడు.” రుమాలు మళ్లీ తలకు చుట్టుకున్నాడు. “సదువుకు పంపిన, బంతికి పంపిన. గిది నేర్పమని పంపలే.”

వెళ్లిపోయాడు. నాకు ముందు కోపం వచ్చింది. కూరగాయలమ్మే మనిషి గేటు దగ్గర నిలబెట్టి నన్ను మాటలంటాడా అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట రాయడానికి కూడా సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నది అదే. ఆ సిగ్గు రావడానికి రెండు రోజులు పట్టింది.

ఈలోగా మాట మార్కెట్లో పాకింది. ఆదివారం గ్రౌండుకు వచ్చినవాళ్లు ఏడుగురు. డ్రిల్లు క్లాసు పిల్లలు మరో నలుగురిని ఇళ్ల నుంచి లాక్కుపోయి ఆడించాను. ఆరు గోల్స్ తేడాతో ఓడాం. సోమవారం ప్రాక్టీసుకు ముగ్గురే వచ్చారు. క్లబ్బు పోయినట్టే అనిపించింది. పోనివ్వకూడదనుకున్నాను. ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాను.

మొదట సత్యనారాయణ సేటు కిరాణా దుకాణానికి వెళ్లాను. ఆయన కొడుకు మురళి మా సెంటర్ ఫార్వర్డ్, అంటే గోల్ కొట్టాల్సినవాడు. వ్యాయామం, సర్టిఫికెట్లు, కాలేజీల్లో స్పోర్ట్స్ కోటా, వచ్చే ఏడు తప్పకుండా కప్పు అంటూ నేర్చుకొచ్చిన ఉపన్యాసం మొత్తం అప్పజెప్పాను. సేటు చింతపండు పొట్లం కడుతూ చివరిదాకా విన్నాడు.

“కప్పులు, సర్టిఫికెట్లు మీ ఫికర్ సార్. నాదేందో చెప్తా ఇనుండ్రి. ఐదింటి సంది ఏడింటి దాంక నాకు గిరాకీల తల లేపనీకి ఉండది. అప్పుడు నా కొడుకు ఏడున్నడో, ఎవలతోని తిరుగుతాండో నేను సూడలేను. సార్ తాన ఉన్నడని నిమ్మలంగ ఉంటుంటి. గా సార్ ఏమైనా ఇంటికి చెప్పనియ్యడని తెల్సినంక నాకు నిమ్మలం ఏడుంటది?”

ఉపన్యాసం అక్కడితో కట్టిపెట్టాను. ఆ తర్వాత వెళ్లిన ఇళ్లల్లో పిల్లల్ని పంపమని అడగలేదు. ముందు నా తప్పు చెప్పుకొని, అసలు ఇన్నాళ్లు ఎందుకు పంపారని అడిగాను. ఒక తల్లి, వాడు ఆడి వచ్చాక పెట్టిందల్లా తింటాడని చెప్పింది. ఇంకొకామె కొడుకు గ్రౌండుకు పోవడం మొదలుపెట్టాక తమ్ముణ్ణి కొట్టడం మానేశాడట. ఒక హమాలీ తండ్రి, “మా పోరన్ని మీరు పేరు పెట్టి పిలుస్తరంట గద సారూ, బయట ఎవ్వలు పిలువరు” అన్నాడు. కప్పు మాట ఒక్కరూ ఎత్తలేదు. మూడేళ్లుగా వాళ్ల కోసమే కప్పు తేవాలనుకున్నవాణ్ణి, వాళ్లను ఒక్కసారైనా అడగలేదు.

మల్లయ్య దగ్గరికి మూడుసార్లు పోవాల్సి వచ్చింది. మొదటిసారి ఆయన బెండ తోటకు నీళ్లు పెడుతున్నాడు. మోటరు ఆపలేదు, తల తిప్పలేదు. రెండోసారి ఇంట్లో లేడు. సదానందం వాళ్ల అమ్మ రాజవ్వ చెంబుతో నీళ్లిచ్చి, “ఆయిన కోపం మీద ఉన్నడు సారూ, ఇగ మీరు తిరుగకుండ్రి” అంది. నేను అంత తేలిగ్గా వదిలే రకం కాదు. తర్వాతి ఆదివారం పొద్దున్నే వెళ్లాను. తండ్రి, తల్లి, పిండికట్టుతో సదానందం, ముగ్గురూ గడప దగ్గరే ఉన్నారు.

మల్లయ్యకు చెప్పాలని మాటలు కూర్చుకొని పోయాను. కానీ పిల్లవాడు తల వంచుకొని, తప్పంతా తనదే అయినట్టు ముడుచుకొని కూర్చున్నాడు. అది చూశాక నా మాటలు వాడికే చెప్పాల్సినవని తెలిసింది.

“సదానందం, నేను నీకు చెప్పింది తప్పు బిడ్డా. తాకిన దినమే నిన్ను దవాఖానకు తీస్కపోయి, మీ నాయినకు చెప్పాలె. నేను చెప్పలే, నిన్ను చెప్పనియ్యలే. ఆ అబద్ధం నీది కాదు, నాది.”

సారు అనేవాడు పిల్లవాడి ముందు తప్పు ఒప్పుకోవడం నేనెక్కడా చూడలేదు, చేయడం అదే మొదలు. సదానందం ఒకసారి నా వైపు, ఒకసారి వాళ్ల నాయిన వైపు చూసి ఏడ్చేశాడు. రాజవ్వ చాయ్ పెట్టింది. మల్లయ్య కూర్చోమనలేదు. నిలబడే చాయ్ తాగి సైకిలెక్కాను.

పిల్లలు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. మురళి అందరికన్నా ముందొచ్చాడు. నియమం తిరగరాశాను. ఎంత చిన్న దెబ్బయినా అదే సాయంత్రం ఇంట్లో తెలియాలి, నేనే వెంట వెళ్లి చెప్పాలి. దాని వల్ల మ్యాచులు పోయాయి కూడా. చీలమండ బెణికిందని నేనే ఇంట్లో చెప్పి ఒక మంచి ఆటగాణ్ణి రెండు మ్యాచులకు పోగొట్టుకున్నాను. కడుపు మండింది. అయినా మరుసటిసారీ వెళ్లి చెప్పాను.

పిండికట్టు విప్పి రెండు నెలలు దాటాక ఒక సాయంత్రం మల్లయ్య గ్రౌండుకు వచ్చాడు, వెనక సదానందం.

“ఆడుతనని పానం తింటాండు సారూ. మల్ల తాకితే?”

“అదే దినం నేనే వచ్చి మీకు చెప్త మల్లన్నా.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. “మీరు చెప్పుడు గాదు. వాడే చెప్పాలె. మీరు పక్కకు నిలబడుండ్రి, సాలు.”

పదిహేను రోజుల్లోనే ఆ అవసరం పడింది. ఎవరో కొట్టిన బంతి తిన్నగా వాడి ముఖానికి తగిలి ముక్కు నుంచి రక్తం కారింది. దవాఖానలో చూపించి, ఏమీ ఫర్వాలేదన్నాక ఇద్దరం సైకిళ్ల మీద వాళ్ల ఊరికి వెళ్లాం. ఇంటి ముందు మల్లయ్య, రాజవ్వ వంకాయలు ఏరి గంపల్లో పోస్తున్నారు. నేను వాడి పక్కన నిలబడి నోరు మూసుకున్నాను. ఇరవై ఏళ్లు దాటిన నా కోచింగ్‌లో పిల్లలకు నేను నేర్పగలిగిన గట్టి పాఠం తమ దెబ్బ సంగతి తామే ఇంట్లో చెప్పడం, దాన్ని నాకు నేర్పింది మాత్రం మల్లయ్య.

“నాయినా” అన్నాడు సదానందం, అంగీ మీది రక్తం దాచుకోకుండా. “నాకు దెబ్బ తాకింది.”

మల్లయ్య ముందు కొడుకు ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకొని చూశాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

“కూసోండ్రి సారూ” అన్నాడు.