వసుంధర గారి తొమ్మిది ఎం.ఎం.

ఇర్వింగ్‌లో మా ఇంటికి దగ్గరలో, పిస్టళ్ళతో గురిపెట్టి కాల్చడం సాధన చేసే షూటింగ్ రేంజ్ ఒకటి ఉంది. మొన్న శనివారం దాని తలుపు తీయగానే పిస్టళ్ళు శుభ్రం చేసే నూనె వాసన గుప్పున తగిలింది. కిరోసిన్‌లో మగ్గిన అరటిపండు కలిపినట్టుండే ఘాటు వాసన అది. కౌంటర్ వెనకున్న కొత్త మనిషి నాకేం కావాలో అడగలేదు. అరలోంచి గులాబీ రంగు పిడి ఉన్న బుల్లి పిస్టల్ ఒకటి తీసి గాజుబల్ల మీద పెట్టి, ఆడవాళ్ళంతా ఇదే కొంటారన్నాడు. ఒళ్ళు మండింది. ఆ మంటలోనే వసుంధర గారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి ఏడాది దాటింది. పోయినవాళ్ళని తలుచుకుంటే కళ్ళు చెమ్మగిల్లుతాయంటారు. ఆవిడను తలుచుకుంటే నాకు ముందు కోపం వస్తుంది. ఆవిడ మీద కాదు, ఆవిడకి జరిగిన దాని మీద.

లాస్ కొలినాస్‌లో నేను పనిచేసిన ఇన్సూరెన్స్ కంపెనీలో ఆవిడ మా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీమ్‌కి మేనేజర్. తెనాలి మనిషి. నేను ఖమ్మం నుంచి వచ్చి ఆ టీమ్‌లో చేరేనాటికి ఆవిడకి యాభై దాటాయి. కాటన్ చొక్కా, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉండే గొంతు. చేరిన కొత్తలో ఒక మీటింగ్ అయ్యాక నన్ను తన గదిలోకి పిలిచారు. ఏం తప్పు చేశానోనని భయపడుతూ వెళ్ళాను. "శ్రీలతా, ప్రతి మాటా సారీతో మొదలుపెడుతున్నావు. తప్పు నీదైతే చెప్పు, ఒప్పుకుంటాను. బగ్ ప్రోగ్రామర్ల కోడ్‌లో ఉంటే సారీ నువ్వెందుకమ్మా చెప్పడం?" అన్నారు. అంతకుముందు అలా అడిగినవాళ్ళు నాకెవరూ తారసపడలేదు. మా ఇంట్లో ఆడపిల్ల నెమ్మదిగా ఉండటాన్ని మెచ్చుకునేవారు. ఆవిడ కూడా నెమ్మదైన మనిషే, కానీ ఆ నెమ్మదిలో వెనక్కి తగ్గడం ఉండేది కాదు. రెండింటికీ తేడా ఉంటుందని నాకు తెలిసింది ఆవిడ దగ్గరే.

ఆవిడ భర్త రామ్మోహన్ గారికి గురిపెట్టి కాల్చడమంటే ఇష్టం. ఊరి శివార్లలో ఒక క్లబ్బు ఉంటే, శనివారాలు ఇద్దరూ కలిసి అక్కడికి వెళ్ళేవారట. ఆయన హఠాత్తుగా పోయారు. ఆయన పాత తరహా పిస్టల్ ఆవిడకి మిగిలింది. నూరేళ్ళ కిందటి నమూనా, పూర్తిగా ఉక్కు, సన్నటి పిడి. అందులో పట్టేది నలభై అయిదు క్యాలిబర్ తూటా, అంటే లావుపాటిది. పేలిన ప్రతిసారీ చేతిని గట్టిగా వెనక్కి తన్నుతుంది. ఆయన పోయాక కూడా ఆవిడ శనివారాలు మానలేదు. ఆ పూట ఇంట్లో ఒంటరిగా కూర్చోవడం తన వల్ల కాదన్నారు. కానీ ఆయన పోవడానికి ముందు ఏడాది మంచు పడ్డ రోజున ఇంటి ముందు జారిపడి ఆవిడ కుడి మణికట్టు విరిగింది. లోపల ప్లేటు వేశారు. క్లబ్బుకి వెళ్ళొచ్చిన తర్వాత సోమవారం ఆఫీసులో ఎడమ చేత్తో మౌస్ పట్టుకునేవారు. ఇలాగే కొనసాగిస్తే ఆ చెయ్యి పనికిరాకుండా పోతుందని డాక్టరు చెప్పాడు.

ఆ నమూనా పిస్టలే తొమ్మిది ఎం.ఎం. తూటాకి కూడా చేస్తారు. తూటా చిన్నది, చుట్టూ ఉన్న ఉక్కు బరువు మాత్రం దాదాపు అంతే. అందుకని తన్ను బాగా తగ్గిపోతుంది. ఆవిడ అది కొనాలని తేల్చుకున్నారు. చెయ్యి నొప్పిగా ఉందంటే ఆ రోజు నేనే కారులో దుకాణానికి తీసుకెళ్ళాను. అమ్మే మనిషి వయసు మీద పడ్డవాడు, మర్యాదగానే మాట్లాడాడు. ఆ మర్యాదే నాకు భరించడం కష్టమైంది. ఈ పిస్టల్ నలభై అయిదు కోసమే పుట్టిందనీ, తొమ్మిదిలో కొంటే అది అసలుది కాదనీ, అంత తన్ను తట్టుకోలేకపోతే ఈ ఆట మానేసి తేలికపాటిదేదైనా ఇంట్లో ఉంచుకోమనీ చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. వసుంధర గారు చివరిదాకా విన్నారు. "ఈ పిడి నా చేతికి సరిపోయింది. ఈ ట్రిగ్గర్ నాకు అలవాటు. ఆ తన్ను ఒక్కటే నాకు అక్కర్లేదు. ఇక తొమ్మిదిలో ఉన్నది తీసి చూపించండి," అన్నారు ఇంగ్లీషులో. అతను చూపించాడు, ఆవిడ కొన్నారు. తిరిగొచ్చే దారిలో నేను అతన్ని తిడుతూనే ఉన్నాను. ఆవిడ మాత్రం కిటికీలోంచి చూస్తూ, మోహన్ పక్కన ఉంటే ఆ అమ్మేవాడు ఈ ఉపన్యాసమే ఇచ్చేవాడు కాదని ఒక్క మాట అన్నారు.

వీసా మీద ఉన్నవాళ్ళు ఇక్కడ తుపాకీ కాల్చకూడదు కాబట్టి, నాకు గ్రీన్ కార్డ్ వచ్చాకే నన్నూ రేంజ్‌కి తీసుకెళ్ళారు. ముందు రామ్మోహన్ గారి నలభై అయిదే నా చేతికిచ్చారు. ఒకటి రెండు పేల్చాక, నాకు తెలియకుండా మందులేని ఉత్తి తూటా ఒకటి మధ్యలో కలిపి పెట్టారు. నేను ట్రిగ్గర్ నొక్కాను. టిక్కుమంది, అంతే. పేలకపోయినా నా చెయ్యి కిందికి వంగి, భుజాలు బిగుసుకుపోయాయి. "చూశావా, ఏమీ జరగలేదు. అయినా దెబ్బ తగులుతుందని నీ ఒళ్ళు ముందే ముడుచుకుంది. ఇలా ముడుచుకుంటూ ఎన్నాళ్ళు కాల్చినా గురి కుదరదు," అన్నారు. తర్వాత తొమ్మిది ఎం.ఎం. చేతికిచ్చారు. ఆ మధ్యాహ్నం మొదటిసారి నా చెయ్యి నిలకడగా ఆగింది. ఆ ముడుచుకోవడం గురించి నేను ఎన్నో రోజులు ఆలోచించాను. ఆఫీసులో, ఇంట్లో, ఫోనులో, ఇంకా పడని దెబ్బలకి నేనెంత ముందుగా ముడుచుకుంటున్నానో అప్పుడు కనబడింది.

ఆ శరదృతువులో క్లబ్బులో వార్షిక పోటీ జరిగింది. అందులో పాత తరహా పిస్టళ్ళకి ఒక విభాగం ఉంది. వసుంధర గారు అందులో మొదటి స్థానం గెలిచారు. చెక్క మీద ఇత్తడి రేకు బిగించిన షీల్డు ఇచ్చారు, చప్పట్లు కూడా కొట్టారు. రెండు వారాలకి క్లబ్బు నుంచి ఈమెయిల్ వచ్చింది. ఆ విభాగం నలభై అయిదుకి మాత్రమేనని కమిటీ స్పష్టం చేస్తోందట, ఈ ఏడాది ఫలితాలకి కూడా అదే వర్తిస్తుందట, షీల్డు తిరిగి ఇవ్వాలట. పోటీ రోజున నిబంధనలో ఉన్నది పిస్టల్ నమూనా గురించి మాత్రమే. తూటా గురించి ఒక్క అక్షరం లేదు. మగవాళ్ళలో ఎవరైనా తొమ్మిదితో గెలిచి ఉంటే ఈ స్పష్టత వచ్చేదా? ఈ ప్రశ్న నేను చాలామందిని అడిగాను.

సభ్యుల సమావేశానికి ఆవిడతో నేనూ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. అక్కడ మరో తెలుగువాడు సుధాకర్ గారు. రామ్మోహన్ గారికి ప్రాణస్నేహితుడు, రామ్మోహన్ గారే ఈయన్ని క్లబ్బులో చేర్పించారు. సమావేశం మొదలవక ముందే వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నారు. "వదినా, ఇష్యూ చెయ్యొద్దు. మనల్ని వీళ్ళలో ఒకళ్ళుగా చూస్తున్నారు, అదే చాలు. లేదంటే మోహన్ నలభై అయిదు తీసుకొచ్చి ఒక్కసారి కాల్చి చూపించండి, నోళ్ళు మూసుకుంటారు," అన్నారు. ఆవిడ ఆయన వైపు తిరిగి, "చెయ్యి పాడుచేసుకుని వీళ్ళ చేత మెప్పు పొందమంటావా, సుధాకర్? గెలిచింది ఒకసారి గెలిచాను కదా," అన్నారు.

తన వంతు వచ్చినప్పుడు లేచి నిలబడ్డారు. పోటీ నాటి నిబంధన చదివి వినిపించమని అధ్యక్షుణ్ణి అడిగారు. అతను తటపటాయించి చదివాడు. అప్పుడు ఆవిడ, వచ్చే ఏడాదికి మీకు తోచిన రూలు పెట్టుకోండి, దానికి కట్టుబడతాను, అయిపోయిన పోటీకి ఇవాళ రూలు రాయడం కుదరదు, అన్నారు. మిమ్మల్ని ఎవరూ పొమ్మనడం లేదు, మీకోసం వేరే విభాగం ఉంది కదా అని అతను నవ్వాడు. ఓటింగ్ పెట్టారు. కమిటీ మాటే నెగ్గాలన్నవాళ్ళు చేతులెత్తారు. దాదాపు అందరివీ లేచాయి. ఆవిడ పక్క కుర్చీలోంచి సుధాకర్ గారి చెయ్యి కూడా, భుజం దాకా, నెమ్మదిగా లేచింది. ఆవిడ దాన్ని చూశారు. సభ్యత్వం కార్డు బల్ల మీద పెట్టి, "షీల్డు నా ఇంట్లో ఉంది. నాది కాదనుకునేవాళ్ళు వచ్చి తీసుకెళ్ళండి," అని బయటికి నడిచారు. తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు.

అక్కడితో ఆవిడే గెలిచారని కథలా చెప్పుకోవచ్చు. నేను చెప్పను. భర్తతో కలిసి ఏళ్ళ తరబడి వెళ్ళిన చోటు ఆవిడకి లేకుండా పోయింది. ఆ తర్వాత మేమిద్దరం ఈ ఇర్వింగ్ రేంజ్‌కే వెళ్ళేవాళ్ళం. ఆవిడ గురి ఏమాత్రం చెదరలేదు. కానీ కాల్చడం అయిపోయాక, కబుర్లు చెప్పుకోవడానికి ఎవరైనా కనిపిస్తారేమోనని చుట్టూ ఒకసారి చూసేవారు. ఆ చూపుకి ఆ క్లబ్బులో ఎవరు జవాబుదారీ?

పోయిన ఏడాది వేసవిలో జబ్బుపడి, నెల తిరక్కుండానే పోయారు. సంస్మరణ సభకి గుడి హాలు నిండిపోయింది. సుధాకర్ గారు మైకు తీసుకుని ఆవిడ ధైర్యం గురించి, పట్టుదల గురించి చాలాసేపు మాట్లాడారు. అన్యాయాన్ని సహించని మనిషి మా వదిన అన్నారు. నేను మూడో వరసలో ఉన్నాను. లేచి, "ఆ రోజు మీరు చెయ్యి ఎందుకెత్తారు, అంకుల్?" అని అడిగాను. ఆయన మైకు కిందికి దించి, అందరితో గొడవెందుకని ఎత్తానమ్మా అన్నారు. ఆవిడతో గొడవకి మాత్రం మీకు భయం వెయ్యలేదు కదా అన్నాను.

సంస్మరణ సభలో అలా మాట్లాడొచ్చా అని మావాళ్ళంతా నన్నే తప్పుపట్టారు. ఫోన్ చేసి క్షమాపణ చెప్పమని మా ఆయన చాలాసార్లు చెప్పారు, పెద్దాయన బాధపడుతున్నారట. నేను ఫోన్ చెయ్యలేదు. ఆ ప్రశ్న అడిగేటప్పుడు నా గొంతు వణకలేదు, భుజాలు బిగుసుకోలేదు. అలా నిలబడటం నాకు నేర్పిన మనిషి గురించి అడిగిన ప్రశ్న అది. దాన్ని నేను వెనక్కి తీసుకోను.